కిరసనాయిలు లెక్క

ఆల్వా కిట్రెజ్ దినచర్య పుస్తకంలో
రోజుకి ఒకటి రెండు ముక్కలే.
సిరా దండగనుకున్నాడో,
ఇంతకంటే చెప్పుకునేదేముంది అనుకున్నాడో.
"వాన. గొడ్డలికి సాన పట్టాను."
"ఎర్రావు ఈనింది. కోడెదూడ."
"స్కూల్లో మీటింగు. పంది దొంగ ఎవరో తేలలేదు."

విస్కాన్సిన్‌లో, కార్విన్ టౌన్‌షిప్‌లో
రాళ్లేరి రాళ్లేరి నలభై ఎకరాలు చేశాడు.
ఏరిన రాళ్లతోనే గట్టు పేర్చాడు,
పేర్చిన గట్టు మీద కూర్చుని
ఊరి గట్టు తగాదాలు తీర్చాడు.
కంచెల తనిఖీదారు. అదీ తొలి పదవి.
జీతం లేదు, పగవాళ్లు మాత్రం ఏటా పెరిగారు.
బావమరిది కంచె నాలుగడుగులు
పరాయి నేలలోకి జరిగిందని తీర్పు చెప్పిన రాత్రి
థర్జా భోజనానికి పిలవలేదు.
"నాలుగడుగులు. చల్లటి రొట్టె తిన్నాను."

ఆ తర్వాత మూడేళ్లు టౌన్ చైర్మన్.
రోడ్డు పన్ను కట్టలేనివాళ్ల చేతికి పార ఇచ్చి
రెండు రోజుల పని జమ రాసుకున్నాడు.
హౌగెన్ ముసలమ్మ వంతు మట్టి
చీకటితో లేచి తనే ఎత్తిపోసి
ఆమె పేరున రాశాడు.

నాలుగో ఏడు, ఏప్రిల్.
పొద్దున ఓట్స్ చల్లి, మధ్యాహ్నం ఓట్లకి వెళ్లాడు.
చేతికి రెండూ ఒకటే పని,
పిడికిలి విప్పాక ఏ గింజ ఎక్కడ పడుతుందో
గాలికే తెలియాలి.
టీచరు బల్ల మీద బోర్లించని టోపీ.
పొగాకు, తడి ఉన్ని, గొడ్ల వాసన.
పోటీ ఫైలాండర్ హోవ్, రంపపు మిల్లు యజమాని,
వాగు మీద కొత్త వంతెన వేయిస్తానన్నవాడు.
చీటీ మీద తన పేరు తనే రాసుకోవడం
తన నెత్తిన తనే అక్షింతలు చల్లుకున్నట్టు తోచింది ఆల్వాకి.
హోవ్ పేరు రాసి టోపీలో వేశాడు.

"హోవ్ నలభై ఒకటి. నేను నలభై. నేల ఇంకా తడిగానే ఉంది."

థర్జాకి ఓటు లేదు, లెక్క వచ్చు.
చిలుకుతున్న కవ్వం ఆగింది.
"ఎవరికి వేశావు?"
ఆల్వా బూట్ల బురద గీక్కుంటూ ఉండిపోయాడు.
కవ్వం మళ్లీ కదిలింది.
ఆ పూట వెన్న తొందరగా పడింది.

వంతెన వచ్చింది. మిల్లు పలకలు, మిల్లు చెప్పిన ధర.
మూడో వసంతం మంచు కరిగి వాగు పొంగింది.
నడిమి దూలం విరిగిన చప్పుడు
అరమైలు దూరాన, పక్క మీద, ఆల్వా విన్నాడు.
కోటు. లాంతరు.
తెల్లవార్లూ ఒడ్డున నిలబడి ఊపాడు.
డాక్టరు గుర్రం ఆగింది.
పాల బండి ఆగింది, తిట్టుకుంటూ.
వేకువన పలకల బరువుతో హోవ్ బండి ఆగింది.
ఇద్దరూ ఏమనుకున్నారో పుస్తకంలో లేదు.
ఉన్నది ఇది:
"వంతెన పోయింది. కిరసనాయిలు ఏడు సెంట్లు. టౌన్‌కి బిల్లు పంపాలి."

బిల్లు వెళ్లింది. కమిటీ కూర్చుంది.
లాంతరులో ముందే కాస్త నూనె ఉండి ఉంటుందని
ఆరు సెంట్లు మంజూరు చేసింది.

సమాధి రాయి మీద పేరు, ఏళ్లు,
కింద చిన్నగా: రైతు.
అక్షరానికింత అని రాతిపనివాడు అడిగితే
ఆ ఒక్క మాట చాలంది థర్జా.

పుస్తకం ఆఖరి పేజీలో, పోయిన ఏడు,
వణికే రాతలో, రావలసినవి:
హౌగెన్ కొడుకు నుంచి అరబస్తా విత్తనాలు. కొట్టేశాడు.
బావమరిది నుంచి గడ్డపార. కొట్టేశాడు.
టౌన్‌షిప్ నుంచి ఒక సెంటు.

దాని మీద గీత లేదు.