రెండు కర్రల నడుమ

గంటకింత అని కాదు, హెక్టారుకింత అని నా కూలి.
అందుకే నాకు గడ్డంటే వేగం.
తొమ్మిది మీటర్ల వెడల్పున మూడు కోతపళ్లేలు,
వెనక్కి చూస్తే దువ్విన తలలా పొలం.

ఫ్రీస్‌లాండ్‌లో సముద్రం మా పొలాలకంటే ఎత్తున ఉంటుంది, కట్టకి అవతల.
ఇవతల కాలువలు, ఆవులు, అప్పులు.

మే మొదటి వారం. శుక్రవారం వానన్నారు.
ఫోప్పె ఫోన్ చేశాడు:
"రాత్రికి రాత్రే కానిచ్చెయ్, రూర్డ్.
తడిసిన మేతకి ఆవులు మూతి తిప్పుకుంటాయి."

పొద్దున్నే బౌకియా వచ్చి పోయింది.
డెబ్బై ఒకటేళ్ల మనిషి.
పొడవాటి గెడ ఊని ఇప్పటికీ కాలువలు దూకుతుంది,
దూకేముందు పళ్లసెట్టు తీసి జేబులో వేసుకుంటుంది.
గూడు కనిపిస్తే ఇటో కర్ర, అటో కర్ర,
గూటికి నాలుగడుగులు ఎడంగా.
"సరిగ్గా దాని పక్కనే పాతితే
నక్కకి చిరునామా రాసిచ్చినట్టే."

చిన్నప్పుడు తనూ గుడ్లు ఏరింది.
ఆ ఏటి తొలి తీతువు గుడ్డు దొరికితే
వాళ్ల నాన్న టోపీలో పెట్టుకుని
ఊరిపెద్ద ఇంటికి నడిచేవాడట, తల ఆడించకుండా.
"ఏరిన చేతులే పాతుతున్నాయి," అంటుంది,
"బాకీ ఇంకా తీరలేదు."

రాత్రి పదకొండు. దీపాల వెలుగులో
కర్రల కొసన తెల్లపట్టీలు మెరుస్తాయి.
పళ్లెం ఎత్తు, దాటు, దించు.
ఏడు గూళ్లు, ఏడు చోట్ల గడ్డిగుబుర్లు వదిలేశాను.
ఒక్కోసారీ నాకు పావు నిమిషం నష్టం, లెక్కేశాను కూడా.

కాలువ మూలన కర్రల్లేవు.
అక్కణ్ణుంచే లేచింది:
గ్రుట్టో, గ్రుట్టో, గ్రుట్టో —
తన పేరు తానే చెప్పుకునే పిట్ట.
చీకట్లో, నా ఇంజను మీదుగా,
పిల్లని బడిలో మర్చిపోయిన తల్లిలా
గుండ్రంగా తిరుగుతూ.

దిగాను.
మూడు గుడ్లు బాగానే ఉన్నాయి,
బురద రంగువి, చేతిలోకి తీసుకుంటే గోరువెచ్చగా.
నాలుగోదాన్లో ఒక కాలు కనిపించింది,
అగ్గిపుల్లంత, లేత నీలం.
ఇంకేమీ చూడలేదు. చూడదలచుకోలేదు.

కర్ర లేదు. చీపురు విరిచి ఒక పక్క గుచ్చాను,
రెండో పక్క నా ఫ్లాస్కు.
చుట్టూ గది అంత గడ్డి వదిలి వెళ్లిపోయాను.

మర్నాడు బౌకియా ఫ్లాస్కు తెచ్చిచ్చింది, కడిగి మరీ.
పిట్ట తిరిగొచ్చిందా అని అడిగాను.
"వచ్చింది. కాకులూ వచ్చాయి.
కోసిన చేలో నువ్వు వదిలిన గుబురు
వాటికి మైలు దూరం నుంచే కనిపిస్తుంది కదా."
తిట్టలేదు. అదే బాగోలేదు.

గుడ్డు బతికితే సరిపోదట.
ఈ పిల్లలకి తల్లి నోట్లో పెట్టదు,
పుట్టిన పూటే లేచి పురుగుల వేటకి పోతాయి.
వాటి మోకాళ్లు దాటి, తల దాటి గడ్డి కావాలి,
పూలున్న గడ్డి, ఈగలున్న గడ్డి,
మనం విత్తే ఈ ఒంటిరకం పచ్చదనం కాదు.
చలికాలం గినీ-బిస్సావ్ వరిమళ్లలో గడిపి వస్తుందట.
అక్కడి రైతుకి వరి, ఇక్కడి రైతుకి మేత,
మధ్యలో దీనికున్నది రెండు రెక్కలు.

తర్వాతి ఏడు ఫోప్పె వంటింట్లో కూర్చున్నాం.
"పాల ధర తెలుసా నీకు?" అన్నాడు. తెలుసు.
ప్రభుత్వం ఇచ్చేది ఎంతో, ఎప్పుడిస్తుందో, అదీ తెలుసు.
కాలువ పక్క మూడు హెక్టార్లు, అన్నాను,
జూన్ సగం దాకా.
నా కూలి మూడు హెక్టార్లు తగ్గుతుందని
అతని భార్య హిస్కియా గుర్తుచేసింది.
ఫోప్పె చాలాసేపు చెంచాతో కాఫీ తిప్పాడు.
అందులో చక్కెర లేదు.

ఆ మే నెలంతా దారిన పోతూ
కోయని ముక్క పక్కన బండి నెమ్మది చేసేవాణ్ణి.
ఎర్రబారిన పుల్లాకు, పసుపు పూలు, పనికిరాని అందం.
ఏమీ కనబడేది కాదు.
గడ్డి ఒక్కచోట, గాలి లేకుండా, కదిలేది.

జూన్ పదహారున కోశాను, నడుమ నుంచి అంచులకి,
పారిపోయేవాటికి దారి వదులుతూ.
కర్రలు పీకి కట్ట కట్టి బౌకియాకి ఇచ్చాను.
పళ్లసెట్టు జేబులోంచి తీసి పెట్టుకుని
వేళ్లతో లెక్కపెట్టింది, మళ్లీ లెక్కపెట్టింది.
ఒకటి తక్కువైందని నన్ను కసిరింది.