పులి రెండో భాగంలో ఉంది

మా గుర్తు ఒక నీటిపిట్ట.
ప్రతి టేపు మొదట్లో రెండు సెకన్లు
నల్లటి సరస్సులో తల వంచి మునిగేది,
ఇంకోచోట తేలేది, ముక్కున మా పేరుతో:
కుయిక్కా వీడియో, తాంపెరె.
గీసినవాడు ఒస్మో తమ్ముడు, రెండు బీరు సీసాల కూలికి.

ఎనభై రెండు.
మూతబడ్డ నూలుమిల్లు, మూడో అంతస్తు,
మగ్గాలు పీకేసిన నేల మీద ఆరని నూనె మరకలు.
ఆ మరకల మీదే ఒస్మో లాంకినెన్
ఇరవై నాలుగు రికార్డర్లు పేర్చాడు.
అన్నిటికీ ఒక్కసారే మీట నొక్కాలి.
నాలుగు చేతులు చాలక
అతను మోచేతులు కూడా వాడేవాడు.

అదే గదిలో మా అమ్మ
ముప్పై ఏళ్ళు తెగిన దారాలు ముడేసింది.
నేను తెగిన టేపులు అతికించాను.
"చప్పుడొక్కటే తగ్గింది" అంది అమ్మ,
ఒకసారి కాఫీ తెచ్చి, చుట్టూ చూసి.

మొదటి సరుకు హాంకాంగ్ నుంచి.
పెట్టెలో సినిమా ఉంది, మాటల కాగితాల్లేవు.
ఆ భాష తెలిసిన వంటాయన హెల్సింకిలో ఉన్నాడట,
అతనడిగిన డబ్బు మా దగ్గర లేదు.
"నువ్వు రాసెయ్, ఇర్మెలీ,
పెదాలు ఎంతసేపు కదిలితే అంత."

రాశాను.
తలుపు దగ్గర ముసలాయన కత్తి దించి
కొడుకుతో ఏదో అంటాడు,
నాలుగు సెకన్లు, రెండు వరుసలు.
ఆ వారమే మా నాన్నకు మాట పడిపోయింది.
ఆసుపత్రి నుంచి తిన్నగా వచ్చి, కోటు విప్పకుండా కొట్టాను:
నిన్ను తిట్టిన రోజుల్లోనూ
నీ అడుగుల చప్పుడుకే చెవి ఒగ్గాను.

తర్వాత డబ్బొచ్చింది, కొన్నాళ్ళు.
పెట్రోలు బంకుల్లో సాసేజీల పక్కన మా టేపులు,
కెమియార్వి దాకా బస్సు డ్రైవర్ల సీటు కింద మా టేపులు.
అట్ట మీద పులి ఉండేది, సినిమాలో లేదు.
"పులి ఎక్కడ?" అని ఉత్తరాలు.
ఒక్కటీ వదలకుండా ఒస్మో జవాబిచ్చేవాడు,
పిట్టబొమ్మ కాగితం మీద, సంతకం పెట్టి:
రెండో భాగంలో.
రెండో భాగం ఎవరూ తీయలేదు.

ఎనభై ఏడులో చట్టం.
నెత్తురు బొట్లు లెక్కపెట్టే ఆఫీసు.
కోతంటే కత్తెర కాదు,
మీట ఆపడం, మళ్ళీ నొక్కడం.
ఆపిన ప్రతిచోటా బొమ్మ ఒక్కసారి ఉలిక్కిపడేది.
ఏ సినిమా ఎన్నిసార్లు ఉలిక్కిపడిందో
ఒస్మో అప్పుల పుస్తకంలోనే రాసుకున్నాడు, వెనకవైపు నుంచి.
తొంభై మూడులో రెండు లెక్కలూ
ఒకే పేజీలో కలుసుకున్నాయి.

ఎస్తోనియా నుంచి ఒకాయన వచ్చి
ఇరవై రెండు రికార్డర్లు పట్టుకెళ్ళాడు, రెండు చచ్చిపోయాయి.
ఒస్మో మళ్ళీ టీవీలు బాగుచేశాడు.
జనం టీవీలు బాగుచేయించుకోవడం మానేశాక
అతనూ మానేశాడు, అన్నీ.

పోయిన అక్టోబరులో, తడి గొడుగుతో, యల్మరి అని ఒకడు.
నలభై దాటాయి. చేతిలో కొత్త డిస్కు:
కడిగిన రంగులు, తిరిగొచ్చిన నెత్తురు,
ఉలికిపాట్లు లేవు.
"మాట మార్చేశారు" అన్నాడు, మోసపోయినవాడిలా.
కొత్తదాంట్లో ముసలాయన అనేది:
తలుపు వెయ్యి. గాలొస్తోంది.

"మా నాన్న అక్కడ టేపు ఆపేవాడు.
నా వైపు చూసేవాడు కాదు. ఆపేవాడు, అంతే.
ఆపీ ఆపీ అక్షరాలు అరిగిపోయాయి.
ఇంకో కాపీ ఉందా మీ దగ్గర?"

నా గొంతులో నాలుగు సెకన్ల మాట ఉంది.
కాఫీ పోశాను.
"వాళ్ళకి భాష వచ్చు కదా,
అదే వచ్చిన చిక్కు" అన్నాను.

మిగిలిన ఒక్కటీ ఇచ్చేశాను.
డబ్బు కూడా తీసుకున్నాను, నలభై యూరోలు.
ఒస్మో అయితే అరవై అడిగేవాడు.

సగం మెట్లు దిగి ఆగాడు,
అట్ట తిప్పి చూస్తూ:
"అవునూ, ఇందులో పులి ఎక్కడ?"

పైనుంచి కేకేశాను.