ఎడమచేతి అతుకు

మల్కాపురంలో ఇనుము వయసు
ఏళ్లలో లెక్కపెట్టం,
ఎన్ని తుపాన్లు తిన్నదో చెప్పుకుంటాం.

ఈ పొట్టి బండి నాలుగు తిన్నది.
కంచరపాలెం పాత ఇనుం కొట్లో
చిల్లుపడ్డ కూలర్ల కింద
మోకాళ్లు ముడుచుకుని పడుంది.
గుంపస్వామి కాటా మీద పెట్టాడు.
ముప్పై ఒక్క కిలోలు.
తుప్పు తీసేసి తూచమన్నాను.
"తుప్పు తీసెత్తే ఇంకేటుంటాది బావూ" అన్నాడు.

పెరట్లో రేకుల పాకే నా వర్క్‌షాపు.
రైలు పట్టా ముక్కతో చేసుకున్న దాకలి,
కుట్టుమిషను మోటారుకు బిగించిన సానరాయి,
ఎదురింటివాళ్ల రెక్కలేని టేబుల్ ఫ్యాను.
మూడేళ్లుగా రేపిస్తానంటున్నాను,
వాళ్లు కొత్తది కొనేసుకుని
నన్ను చూసి నవ్వుతారు గాని అడగరు.

నూకరత్నం కాఫీ గ్లాసు పెట్టడానికి
బల్ల మీద చోటు వెతికి, దొరక్క
పెట్రోలు టాంకు మీద పెట్టింది.
గుండ్రటి మరక.
దానికి అదే మొదటి పాలిష్.

పిస్టను కదల్దు.
కిరోసిను పోసి ఎనిమిది రోజులు నానబెట్టి
తొమ్మిదో రోజు చెక్కముక్క ఆనించి తడితే
గోరంత జరిగింది.
ఆ గోరంతకే కేకేసి పిలిచాను.
"ఏటి కదిలింది?" అంది నూకరత్నం.
మళ్లీ చూపించలేకపోయాను.

కార్బొరేటర్‌లో కందిరీగ మట్టిగూడు.
పక్కింటి లోవరాజు బ్రేకు తీగలోంచి ఒక పోచ లాగి
నాలుక కరుచుకుని, ఊపిరి బిగబట్టి
రంధ్రం రంధ్రం పొడిచాడు.
వాడి లెక్కల నోటుబుక్కు
గ్రీజు డబ్బా కింద నిద్రపోయింది.

రంగు గీకాను.
పైన నలుపు, దాని కింద ఆకుపచ్చ,
దాని కింద ఓడలకు వేసే ఎర్ర ప్రైమరు.
మా యార్డుదే. టిఫిను క్యారేజీలో బయటికొచ్చిన సరుకు.
నేనూ తెచ్చాను లెండి, కిటికీలకు.

ఎరుపు కింద, హ్యాండిల్ మెడ దగ్గర
అతుకు.
పావలాలు పేర్చి పక్కకి తోసినట్టు
అల మీద అల,
అన్నీ ఎదురువైపుకి వాలి.
కుడిచేతివాడి అల ఇలా వాలదు.

పైడయ్య మేస్త్రి.

నా మొదటి అతుకుని
పదకొండు మంది ముందు
ఒక్క సుత్తిదెబ్బతో విరిచి
"సముద్రం నాకంటే గట్టిగా కొడతాదిరా" అన్నాడు.
ఆ రోజు నుంచి నేను మాట్లాడలేదు.
రెండేళ్లు ఒకే షెడ్డులో, ఒకే కుండలో నీళ్లు తాగుతూ
మాట్లాడలేదు.
తర్వాత ఆయన పారాదీప్ వెళ్లిపోయాడు.

ఈ బండి ఎవరికి చేశాడో.
పిల్లల్లేరాయనకి.
కానీ సీటు ముందు, ఫ్రేముకి అడ్డంగా
జానెడు కడ్డీ అతికించి ఉంది,
చిన్న పాదాలు ఆనేంత ఎత్తులో.
రెండు చివర్లూ నునుపుగా అరగదీసి.

సుత్తి తీసుకున్నాను.
అవును, తీసుకున్నాను.
మెడ దగ్గర అతుకు మీద ఒక్కటి వేశాను,
ముప్పై ఏడేళ్లు కలిపి.
గంటలా మోగింది.
పగిలినదైతే చిల్లుకుండలా పలుకుతుంది,
నాకు తెలుసు, నేర్పింది ఆయనే.
కోళ్లు గోడెక్కాయి. నూకరత్నం వచ్చి
సుత్తిని చూసి, నన్ను చూసి
ఏమీ అడక్కుండా లోపలికెళ్లింది.

నీలం రంగు వేశాను, రెండు కోట్లు.
ఆ రెండంగుళాలు వదిలేశాను.
ఉప్పుగాలికి ఎల్లుండికల్లా ఎర్రబడుతుంది.
ఆదివారం ఆదివారం
నూనెగుడ్డతో తుడుచుకుంటాను.

పద్నాలుగో తన్నుకి స్టార్టయింది.
వీధంతా పొగ.
సింధియా దాటించి యారాడ కొండెక్కిస్తే
మొదటి మలుపులోనే దగ్గి ఆగిపోయింది.

ప్లగ్గు విప్పి చొక్కా అంచుతో తుడుస్తూ
కిందికి చూశాను.
హార్బరులోకి ఒక ఓడ వస్తోంది,
అతుకులన్నీ నీళ్లలో దాచుకుని.

లోవరాజు పరిగెత్తుకొచ్చాడు, చెప్పులు చేత్తో పట్టుకుని.
"తోసీనా తాతా?"
ఉండరా,
ప్లగ్గు ఆరనీ.