ఎవరో వేసిన ముడి

డాన్యూబ్ నదిలో లెక్క వెనక్కి నడుస్తుంది.
ఒడ్డున బోర్డుల మీద అంకెలు తగ్గుతూ తగ్గుతూ
సముద్రం దగ్గర సున్నా.
కొమార్నోలో నేను కయాక్ దించిన చోట
పదిహేడు వందల అరవై ఏడు.

ఇరవై ఆరేళ్ళు ఆ ఊళ్ళో ఉత్తరాలు పంచాను.
ప్రతి గేటూ తెలుసు, ప్రతి కుక్కా తెలుసు,
గడప అవతల ఏముందో తెలీదు.
సంతకం పెట్టించుకుని మెట్లు దిగడమే నా కొలువు.
అందుకేనేమో, ఎవరైనా లోపలికి రమ్మంటే
ముందు నా ఖాళీ చేతులే గుర్తొస్తాయి.

అపాటిన్ దాటాక వాన. మూడు రోజులు.
రాదోయ్కా అనే ఆమె, మగగొంతు, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు,
నన్నేమీ అడగలేదు.
నా తడి మేజోళ్ళు పిండి పొయ్యి మీద కడ్డీకి ఆరేసి
చేపల పులుసు గిన్నె ముందుకు తోసింది.
ఆ ఎర్రటి కారానికి ముక్కు కారింది.
నేను తిన్నంతసేపూ పక్కనే కూర్చుని
చచ్చిపోయిన మొగుణ్ణి తిడుతూనే ఉంది.
సగం అర్థమైంది. మిగతా సగానికి తలూపాను.

ఆనకట్ట దగ్గర లాకులోకి చిన్న పడవల్ని రానివ్వమన్నారు.
ఇలీయే అనే కుర్రాడు టమాటాల వ్యానులోకి నా కయాక్ ఎక్కించి
బయటికి వేలాడే తోకకి తన ఎర్ర చొక్కా విప్పి కట్టాడు.
డబ్బివ్వబోతే కోపమొచ్చింది వాడికి,
మర్యాదకి కాదు, నిజం కోపం.
ధడేల్మని తలుపేసుకుని పోయాడు.
చొక్కా నాకే ఉండిపోయింది.

ఇక ఒరియహోవో దిగువన జరిగింది చెప్పాలి.
చెప్పకుండా దాటేద్దామనే చూశాను.

పొద్దుగూకే వేళ నాటుపడవలో ఒక ముసలాయన.
నీళ్ళు చూపించాడు. నా పడవ చూపించాడు.
అరచెయ్యి పైకి, ఇంకా పైకి ఎత్తాడు.
పొమ్మంటున్నాడనుకున్నాను.
వాడి కన్ను నా సామాను మీద ఉందనుకున్నాను.
తెడ్డు పక్కలో పెట్టుకుని పడుకున్నాను.

తెల్లారేసరికి పడవ లేదు.

పోస్టాఫీసులో ఎన్నడూ అనని మాటలన్నీ అన్నాను.
వాడి వలలు కుళ్ళాలన్నాను. చేతులు పడిపోవాలన్నాను.
నది మీదికి గొంతు చించుకుని అరిచాక
అప్పుడు చూశాను:
పడవ లాగిపెట్టిన ఇసుక
నడుం లోతు నీళ్ళ కింద ఉంది.

పైన, నా గుడారం వెనకే, పాప్లర్ మొదలుకి
కట్టేసి ఉంది పడవ.
లోపల ఎర్ర చొక్కా కింద సగం రొట్టె, ఒక ఉల్లిపాయ.
నన్ను లేపకుండా ఎలా లాగాడో ఆయన,
అంత బరువు, ఆ వయసులో.

ఉత్తరమైతే ముద్ర కొట్టి తిప్పి పంపొచ్చు.
నోటితో పంపినదాన్ని ఏ సంచిలో వెతకను?

ముడి నాకు తెలిసినది కాదు.
రెండు గోళ్ళు విరిగాక కత్తితో తాడు కోశాను.
ఆ ముక్క జేబులో వేసుకుని
రోజూ రాత్రి ఇంకో తాడుతో అలాగే కట్టబోయాను.
రాలేదు.

సులీనాలో, సున్నా దగ్గర,
గాలాలు అమ్మే పిల్లాడొకడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి
నా చేతిలో తాడు లాక్కుని రెప్పపాటులో వేసేశాడు.
ఇది ఇక్కడ అందరికీ వచ్చు అన్నట్టు
భుజాలు ఎగరేశాడు.
మెల్లగా ఇంకోసారి చూపించమని
నేను సైగ చేసేలోపే
ఎవరో పిలిస్తే పరుగెత్తాడు.