ఆరు మిల్లీమీటర్ల నోరు

కొక్కొలాలో ఫిబ్రవరి.
బోత్నియా సముద్రం గడ్డకట్టి
రేవు మెట్ల దాకా నడిచొచ్చింది.
మూడో నంబరు అమ్మోనియా ట్యాంకు నలభై రోజులుగా ఖాళీ.
కడిగారు, ఆవిరి పట్టారు, గాలి తోలారు.
అయినా నిచ్చెన ఎక్కుతుంటే
ముక్కుపుటాలకి ఒక పాత కోపం తగులుతూనే ఉంది.

పని చిన్నదే.
దీపానికి ఒక బ్రాకెట్. అరచెయ్యంత.
కొత్త ఫోర్‌మన్ మిరో కాగితం విప్పకుండానే అన్నాడు:
"రెండు చుక్కలు పెట్టి దిగిపో, తౌనో,
కాఫీ చల్లారేలోగా అయిపోతుంది."

రెండు చుక్కలు.
ఇది కొలిమిలో ఆరువందల డిగ్రీల దగ్గర
గంటల తరబడి కూర్చుని
అతుకు అతుకులో దాచుకున్న బిగువంతా
వదులుకుని వచ్చిన ఇనుము.
మళ్ళీ దీని ఒంటిమీద నిప్పు పెట్టామా,
ఆ చుక్క చుట్టూ బిగువు కొత్తగా ముడి వేసుకుంటుంది.
అమ్మోనియాకి ముడులంటే మహా ఇష్టం.
తీరిగ్గా, ఏళ్ళకేళ్ళు కూర్చుని
గోటితో విప్పుతుంది.

ఇన్‌స్పెక్టర్ ఇర్మెలి నా వెనకే ఎక్కింది,
మోకాలు నొప్పని ప్రతి మెట్టుకీ చెబుతూ.
"ఒంటికి కాదు. ప్యాడ్‌కి," అంది.
కొలిమికి పోకముందే అతికిన పలక అది,
నాలుగు మూలలూ గుండ్రంగా తిప్పి ఉన్నాయి,
మొన ఉన్నచోటే ఇనుము చిట్లుతుంది కనుక.

ఆమె టార్చి పలక మీంచి జారి
పక్కన ఆగింది.
పెయింటు కింద పెసరబద్దంత మచ్చ.

నాకు తెలుసు అది.
ఎనభై ఆరు. నాకు పంతొమ్మిదేళ్ళు.
చలికి రాడ్ అంటుకోక
అగ్గిపెట్టె మీద పుల్ల గీసినట్టు
ట్యాంకు మీద ఒక్కసారి గీశాను.
నిప్పురవ్వ లేచింది. ఎవరూ చూడలేదు.
సాయంత్రం బ్రష్షుతో బూడిదరంగు పూసి
ఇంటికెళ్ళి చేపల పులుసు తిన్నాను.

"అది నేనే," అన్నాను.
ఇర్మెలి ఏమీ అనలేదు.
చల్లటి ఇనుములో రంగు పాకదని
ట్యాంకుకి కరెంటు దుప్పటి చుట్టి వెచ్చబెట్టాం,
జ్వరం వచ్చినవాడి పక్కన కూర్చున్నట్టు
చెరోవైపూ కూర్చున్నాం.
ఎర్రరంగు. పది నిమిషాలు. తుడుపు.
తెల్లపొడి.
ఆ తెలుపులోకి మెల్లగా పైకి తేలింది
కనురెప్ప వెంట్రుకంత ఎర్రగీత.

నా చేతిరాత.

అర మిల్లీమీటరు అరగదీశాను. గీత ఉంది.
ఇంకొంచెం. ఉంది, కురచగా.
మూడోసారి తెలుపు తెలుపుగానే ఉండిపోయింది.
మీటరు పెట్టి మందం కొలిచి
"ఇంకా మిగులుంది," అంది ఇర్మెలి.
ట్యాంకు సంగతే అయుండాలి.
పుస్తకంలో తారీఖు రాసి, నా పేరు రాసింది.
పేరెందుకని అడిగాను.
"కారణం అని ఒక గడి ఉంది," అంది.

అప్పుడు బ్రాకెట్ అతికాను, పలక మీదే,
అంచులకి దూరంగా.
పొయ్యిలో ఆరబెట్టిన రాడ్లని
చెమ్మ తగలకుండా వేడి డబ్బాలో పెట్టి
పసిబిడ్డని ఎత్తుకున్నట్టు పైకి తెచ్చుకున్నవి.
అతుకు సన్నగా, పొలుసు పొలుసుగా,
ఈసారి తొందర లేకుండా.

దిగబోతుంటే ఆపింది.
పలక అడుగున ఆరు మిల్లీమీటర్ల కన్నం,
పెయింటుతో పూడుకుపోయి ఉంది.
లోపల ఎక్కడ కుట్టు తెగినా
ముందు ఇక్కడే వాసనొస్తుంది.
పూడిస్తే ట్యాంకు మూగది.
సన్నతీగతో పొడిచి తెరిచాను,
వాన దూరకుండా బొటనవేలితో
కాస్త గ్రీజు అద్దాను. అంతే,
ఊదితే పోయేంత.

కింద మిరో గడియారం చూపించాడు:
"ఇంతసేపా, రెండు చుక్కలకి?"
ముప్పై ఎనిమిదేళ్ళు పట్టిందని చెప్పలేదు.
గడ్డకట్టబోతున్న కాఫీ తాగుతూ
వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకున్నాను.
గ్రీజు వాసన.
ఇంకే వాసనా లేదు.