నలభై మూడు

పుట్టి దిగి, చెప్పులు చేతపట్టుకొని
తిప్ప మీదికి నడుస్తా.
ఇక్కడ అడుగుకు ముందు చూపు వెయ్యాల.
గుడ్డేదో గులకరాయేదో
ఇసుకకే సరిగ్గా తెలీదు.

రసూల్ సార్ రివర్ టర్న్ అని రాయమంటాడు,
మా నాయన రేవుపిట్ట అనేటోడు.
రిజిస్టరులో గళ్లు నాలుగు: తేది, జాతి, లెక్క, సంతకం.
ఏప్రిల్ పదకొండు. రేవుపిట్ట. గుడ్లు నలభై మూడు.
బెస్త మద్దిలేటి.

గళ్లలో పట్టనివి చానా ఉన్నాయి.
బండ మీద నీటికుక్క విడిచిపోయిన
పొలుసుల పెంట, దాని నీచు వాసన.
ఎగువ మడుగులో దుంగలా తేలి
దుంగ కాదని ఒక్క రెప్పతో చెప్పే మొసలి.
నా వల కొరికిందని ఒకప్పుడు
ఇదే నీటికుక్కను తెడ్డుతో తరిమినోణ్ణి.
ఇప్పుడు నెలకు తొమ్మిది వేలిచ్చి దాన్నే కాయమన్నారు.
దానికీ నాకూ ఇంకా మాటల్లేవు.

మిట్టమధ్యాన్నం ఇసుక పెనంలా కాలుతుంది.
రేవుపిట్ట ఏట్లో వాలి
పొట్ట ఈకలు తడుపుకొని వచ్చి
గుడ్ల మీద కూచుంటుంది.
ఆరిపోతే మళ్లా పోతుంది. మళ్లా.
ఎన్నిసార్లో లెక్కపెట్టబోయి
ముప్పై దగ్గర మానేసినా.

అదే పొద్దు కర్నూలు నుంచి సుంకమ్మ ఫోను:
"కొళాయి రాక ఐదో రోజు.
ట్యాంకరు కాడ బిందెకు బిందె తగిలి
గౌసియా వాళ్లతో మాట మాట పెరిగింది.
మీ తుంగభద్రలో నీళ్లున్నాయా?"
ఉన్నాయి.
పిట్ట పొట్ట తడిసేటన్ని.

ఇరవయ్యో తేది లస్కరు చెప్పినాడు,
పైనుంచి తాగునీళ్లు వదిలినారంట,
తెల్లారేసరికి తిప్పను తాకుతాయంట.
గుడ్లు ముట్టకూడదని రూలు.
ముట్టి మాత్రం యాడ పెట్టాల, నా తువ్వాల్లోనా?

ఆ రాత్రి పుట్టిలోనే ఉండిపోయినా.
నీళ్లు చప్పుడు చెయ్యలేదు.
అప్పిచ్చినోడు వాకిట్లోకొచ్చినట్టు
మెల్లగా, హక్కుతో వచ్చినాయి.
టార్చి వేస్తే పిట్టలు నా మీదికే దూకినాయి,
నెత్తిన పొడిచినాయి,
తెచ్చింది నేనే అన్నట్టు.
నిజమే గదా,
మా ఇంట్లో బిందెలు తొమ్మిది.

పొద్దున్నే ఫోను: "వచ్చినాయి!
కొంచెం బురద, గుడ్డతో వడగట్టి పట్టినా."
ఆమె నవ్వు విని ఎన్ని దినాలైందో.
తిప్ప సంగతి నేను ఎత్తలేదు.
మిగిలిన ఒక్క బండ మీద నీటికుక్క
జెల్లచేపను తల కాడ్నించి నములుతా
నన్ను చూసింది, లేచిపోలేదు.
పొట్ట తడుపుకున్న పిట్ట ఒకటి
ఇసుక ఉండిన చోటి మీద
తిరుగుతానే ఉంది.

రిజిస్టరు తీసి లెక్క గడిలో
సున్నా పెట్టబోయి ఆగినా.
అదీ గుడ్డు లాగే ఉంది.
జాతి గడిలో 'నీళ్లు' అని రాసి సంతకం పెట్టినా.

రసూల్ సార్ ఎర్రపెన్నుతో దాని చుట్టూ గీసి
అడిగినాడు:
"ఇదేం జాతి, మద్దిలేటీ?"