కోణమానిని

పిల్లర్ నంబర్ నూట నలభై మూడు దగ్గర
బస్సు కుదిపేసరికి గుర్తొచ్చింది:
సంచిలో ఉన్నది నాది కాదు,
మా ఆమని కోణమానిని.
ఏడు, సెక్షన్ బి అని
బ్లేడుతో గీసిన అక్షరాలు,
తొంభై దగ్గర సిరా మరక.
ఇవాళ దానికి లెక్కల పరీక్ష.

ఎవరినైనా అడుక్కుంటుందిలే అనుకున్నాను.
తల్లిని కదా, అలా అనుకోగలను.

రాజేంద్రనగర్‌లో, ల్యాబులో,
మూడో ఆకు తొడుగుతున్న తెల్లహంస మొలకలు
గాజు గొట్టాల్లో నిలబడి ఉన్నాయి,
ప్రార్థన గంట కొట్టాక కూడా
గుసగుసలాడే పిల్లల్లా.
మొన్న సాయంత్రం
రెండో ఆకు మెడ దగ్గర,
ఆకు తన ఒర విడిచి వాలే కీలు మీద
ఒక్కో చుక్క పెట్టాను.
చుక్క అనడం ఎక్కువ.
దోమ కన్నీరు పెడితే అంత.

అందులో మందు ఎంతుందో చెబితే
బిచ్చప్ప నమ్మడు.
తాండూరు మనిషి, కందిచేను మనిషి.
"సముద్రంల ఇంగువ కలిపినట్టుంది గదమ్మా"
అంటాడు ట్రే దించుతూ.
దించి, ఒక్క నిమిషం చూసి,
నోరు మూసుకుంటాడు.

వాలింది.
నిన్నటిదాకా నిటారుగా ఉన్న ఆకు
బస్సులో కునుకుపట్టిన తల
పక్కవాడి భుజం వెతికినట్టు వాలింది.
అరవై రెండు డిగ్రీలు.
కీలు లోపలి వైపు కణాలు సాగాయి,
వెలుపలివి సాగలేదు.
అంతే.
ఒక పక్కే పెరిగితే దాని పేరు వంపు.

రెండో ట్రేలో జిబ్బరెల్లిన్.
అక్కడ వంపు ధ్యాస లేదు, ఎత్తే.
ఒర మీద గోళ్ళరంగు పూసి
(అత్తాపూర్‌లో ముప్పై రూపాయలు, రంగు లేనిది)
ఆరాక పొరలా ఒలిచి
సూక్ష్మదర్శిని కింద పెట్టాను.
వరుసలో కణాలు లెక్కపెట్టాను, రెండుసార్లు.
సంఖ్య పెద్దగా మారలేదు.
ఒక్కొక్కటీ కాళ్ళు చాపుకుంది.
దుప్పటి ఉన్నంతే కాళ్ళు చాపుకోమంటారు;
ఇక్కడ కాళ్ళు చాపితే
దుప్పటే సాగుతోంది.

మా ఉప్పర్‌పల్లికి ఈ విద్య రాదు.
స్లాబు మీద ఇనప చువ్వలు వదిలేసి
రేపటి అంతస్తు కోసం ఆకాశాన్ని గుచ్చుతుంది.
మొలక అలా కాదు,
ఉన్న గోడనే కాస్త వదులు చేస్తుంది,
నీళ్ళు లోపలికి తోసుకొస్తాయి,
గది పొడుగవుతుంది.
ట్యాంకరుకు ఫోన్ చేసే పని లేదు.

మూడో ట్రేది "ఇప్పుడొద్దు" అని చెప్పే ఆమ్లం.
ఆకులు పొట్టిగా, ముదురుగా, మొండిగా
కూచున్న చోటే కూచున్నాయి.
నాకెందుకో వాటి మీదే ప్రేమ.

చివరిది, మందు వేయని ట్రే.
ఉత్త నీళ్ళు.
అవీ వంగాయి.
తొమ్మిది, పదకొండు, ఒకటి పద్నాలుగు.
"వీటికెవరు చెప్పారు?" అని పైకే అన్నట్టున్నాను.
బిచ్చప్ప గుడ్డతో బల్ల తుడుస్తూ,
"దాని లోపల దానికి ఉంటది గదా.
మన సీసా జూసి నేర్చుకుంటదా?"

నోటుబుక్కులో ఆ మాట రాయడానికి గడి లేదు.
పద్నాలుగు అని మాత్రం రాశాను.

ఇంటికొచ్చేసరికి ఆమని
గుమ్మంలో చెప్పులు విడుస్తోంది.
తల స్విచ్చిబోర్డు దాటింది.
ఎప్పుడు దాటిందో.
"ఎలా గీశావే?" అంటే
"కాగితం మడిస్తే తొంభై,
మళ్ళీ మడిస్తే నలభై అయిదు,
మిగతాది కంటితో" అంది.
ఒక మార్కు పోయిందేమో, అడగలేదు.

కోణమానిని లాక్కుని
ముక్కు దగ్గర పెట్టుకుని
"ఛీ, గంజి వాసన" అంది.
"రేపట్నుంచి నీది నువ్వు కొనుక్కో అమ్మా,
పది రూపాయలే."